సూదంటురాయి మర్మమెరిగిన లూయీ నీల్

సూదంటురాయిని ఎరుగని నాగరికత అరుదు. సంస్కృతంలో దానిని అయస్కాంతమన్నారు. ఇనుమునకు ప్రియమైనదని ఆ మాటకు అర్థం. ఉర్దూలో మక్నాతీస్ అంటారు. గ్రీకు మాట అరబ్బీ మీదుగా ప్రయాణించి మన వాడుకకు చేరింది. నావికులు దాని సాయంతో దిక్కులు తెలుసుకొన్నారు. కవులు దానిని వలపునకు ఉపమానం చేసుకొన్నారు. అయితే ఆ నల్లరాయి ఇనుమును ఎందుకు లాగుతుందన్న ప్రశ్న ఎంత పాతదో, అది లాగవలసినంత బలంగా ఎందుకు లాగదన్న ప్రశ్న అంత కొత్తది. ఈ రెండవ ప్రశ్న పుట్టడానికే పరమాణువులోని ఎలక్ట్రాన్లను లెక్కించడం నేర్చిన కాలం రావలసివచ్చింది. దానికి సమాధానం చెప్పిన మహనీయుడు ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త లూయీ నీల్. మన బి.ఎస్సీ. విద్యార్థులు నీల్ ఉష్ణోగ్రత అన్న మాటను కంఠస్థం చేసి పరీక్షలో వ్రాసి మరచిపోతారు. ఫ్రెంచివారు ఆ పేరును నేయెల్ అని పలుకుతారు గాని, మన పాఠ్యపుస్తకాలలో నీల్ అని స్థిరపడినందున నేనును అట్లే వ్రాస్తున్నాను. భౌతికశాస్త్రం నా బోధనాంశం కాదు. అయినా ఒక మనిషి ఒకే ఆలోచనను పట్టుకొని, ఏండ్ల తరబడి నమ్మకం వదలక నిలిచిన కథ తెలుగు అధ్యాపకునికి మాత్రం పరాయిది ఎందుకవుతుంది?

నీల్ 1904వ సంవత్సరం నవంబరు 22వ తేదీన ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో జన్మించారు. పారిస్‌లోని ఎకోల్ నోర్మాల్ సుపీరియర్ అనే ప్రసిద్ధ విద్యాసంస్థలో ఉన్నతవిద్య పూర్తిచేసి, 1928లో స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి సహాయకునిగా వెళ్ళారు. అక్కడ ఆయనకు లభించిన గురువు పియర్ వైస్. అయస్కాంతశాస్త్రంలో ఆనాడు వైస్‌ను మించిన పేరు లేదు.

వైస్ 1907లో ప్రతిపాదించిన సిద్ధాంతం చెప్పడానికి తేలిక. ఇనుములోని ప్రతి పరమాణువూ ఒక చిన్న అయస్కాంతం. చుట్టూ ఉన్న పరమాణువులన్నీ కలిసి దానిమీద ఒక బలమైన క్షేత్రాన్ని ప్రసరింపజేసి తమ దిక్కునకే త్రిప్పుకొంటాయి. అందరూ ఒకే వైపు తిరిగినప్పుడు లోహం అయస్కాంతమవుతుంది. వేడిచేస్తే పరమాణువుల కంపనం పెరిగి ఆ క్రమశిక్షణ చెదిరిపోతుంది. ఇనుము 770 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద తన అయస్కాంత గుణాన్ని కోల్పోవడానికి కారణం ఇదే. దీనిని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు.

శిష్యుడు గురువు సిద్ధాంతాన్ని గౌరవించాడు, కాని అందులోని ఒక మాటను అంగీకరించలేదు. పరమాణువుమీద పనిచేసే క్షేత్రం అంతటా ఒకే సగటు విలువ కలిగి ఉంటుందని వైస్ భావించారు. ఇరుగుపొరుగు పరమాణువులకే ప్రాధాన్యమున్నదని నీల్ తలచారు. అంతేకాదు, పొరుగు పరమాణువు తన దిక్కుకే త్రిప్పుకొంటుందన్న నియమమేమున్నది? సరిగా వ్యతిరేక దిక్కుకు త్రిప్పవచ్చు గదా! అట్లయితే ఒక పరమాణువు ఉత్తరముఖంగా ఉంటే పక్కది దక్షిణముఖంగా, దాని పక్కది మళ్ళీ ఉత్తరముఖంగా నిలుస్తుంది. క్రమం సంపూర్ణం, కాని ఫలితం శూన్యం. కళాశాల క్రీడోత్సవాలలో తాడులాగుడు పోటీని చూచినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. సమబలం గల రెండు జట్లు ప్రాణం పెట్టి లాగుతున్నా తాడు కదలదు. దూరం నుండి చూచేవాడు తాడు కదలకపోవడం చూచి అక్కడ ఎవరూ లాగడమే లేదనుకొంటాడు.

1932లో డాక్టరేటు పొందిన నీల్, 1936 నాటికి ఈ ఊహను స్పష్టంగా ప్రకటించారు. క్రోమియం, మాంగనీసు వంటి లోహాల వింత ప్రవర్తనకు కారణమిదేనని, వేడిచేసినకొద్దీ ఈ రహస్యక్రమం బలహీనపడి ఒక నిర్దిష్టమైన ఉష్ణోగ్రత వద్ద నశిస్తుందని చెప్పారు. ఆ ఉష్ణోగ్రతకే పిమ్మట ఆయన పేరు పెట్టారు. క్రోమియం విషయంలో అది 38 డిగ్రీల సెంటిగ్రేడని తరువాత తేలింది. మన వేసవి మధ్యాహ్నాలలో ఎండకు పెట్టిన క్రోమియం ముక్క ఎవరికీ తెలియకుండా ఆ హద్దు దాటి, సాయంకాలం చల్లబడి మళ్ళీ వెనుకకు వస్తుందన్నమాట.

పండితలోకం ఈ ఊహను వెంటనే శిరసావహించలేదు. రష్యాలో లాందావు 1933లో ఇటువంటి ఆలోచననే స్వతంత్రంగా చేశారు. 1938లో ఫ్రాన్సులోనే బిజెట్, స్క్వైర్, చాయ్ అనే ముగ్గురు మాంగనీసు ఆక్సైడును చల్లబరచి చూచి, సుమారు మైనస్ 155 డిగ్రీల దగ్గర దాని గుణం హఠాత్తుగా మారుతున్నదని కనుగొన్నారు. నీల్ చెప్పిన లక్షణమే అది. అయినా పరమాణువులు ఒకటి విడిచి ఒకటి ఎదురుబొదురుగా నిలిచి ఉన్నవని కన్నులతో చూచినవారెవ్వరు? పరోక్షసాక్ష్యం ఎంత ఉన్నా ప్రత్యక్షసాక్ష్యం కావలసిందే. అది లభించడానికి మరి 11 ఏండ్లు పట్టింది. ఈ నడుమ యుద్ధం వచ్చిపడింది.

1937లో నీల్ స్ట్రాస్‌బర్గ్‌లో ఆచార్యులయ్యారు. ఆ నగరం ఫ్రాన్సు, జర్మనీల సరిహద్దున ఉన్న అల్సేస్ సీమకు చెందినది. 1871లో జర్మనీ వశమై, 1918లో తిరిగి ఫ్రాన్సుకు దక్కిన గడ్డ అది. 1939లో యుద్ధం మొదలుకాగానే జర్మనులు సముద్రంలో అయస్కాంత మందుపాతరలను పరచారు. ఉక్కుతో నిర్మించిన ఓడ భూమి అయస్కాంత క్షేత్రం వలన తానుకూడ ఒక పెద్ద అయస్కాంతమవుతుంది. అది పైగా పోగానే అడుగున ఉన్న మందుపాతర దానిని పసిగట్టి పేలుతుంది. ఆంగ్లేయులు ఓడ చుట్టూ తీగలు చుట్టి, వాటిలో విద్యుత్తును ప్రవహింపజేసి ఈ ప్రమాదాన్ని తప్పించే పద్ధతి అవలంబించారు. నీల్ మరొక ఉపాయం చెప్పారు. భూమి ఓడలో కలిగించే అయస్కాంతత్వానికి సరిగా వ్యతిరేకమైన శాశ్వత అయస్కాంతత్వాన్ని ముందే ఓడకు పట్టిస్తే రెండూ చెల్లుకు చెల్లయి, మందుపాతరకు ఓడ కనిపించదు. ఫ్రెంచి నౌకాదళం ఆ పద్ధతిని ఉపయోగించుకొన్నది. ఎదురెదురు బలాలు ఒకదానినొకటి రద్దు చేసుకొని శూన్యంలా కనిపించడమనే భావన ఆయనను ఎంతగా ఆవహించి ఉన్నదో దీనిని బట్టి కూడా ఊహించవచ్చు.

1940లో ఫ్రాన్సు ఓడిపోయింది. స్ట్రాస్‌బర్గ్ మళ్ళీ జర్మనుల వశమయింది. నీల్ ఆల్ప్స్ కొండల పాదాన ఉన్న గ్రెనోబుల్ పట్టణం చేరుకొన్నారు. గురువు వైస్ అదే సంవత్సరం లియాన్‌లో మరణించారు. పేరుగాంచిన ప్రయోగశాల పోయింది, ఊరు పోయింది. సొంత సిద్ధాంతానికి ఇంకా లోకసమ్మతి లేదు. ఇటువంటి దశలో నీల్ తిరిగి సూదంటురాయి వైపు చూపు మళ్ళించారు.

సూదంటురాయి రసాయనశాస్త్ర రీత్యా ఇనుము, ఆక్సిజన్ల సంయోగం. మాగ్నెటైట్ అని దాని పేరు. మూడు ఇనుప అయాన్లకు నాలుగు ఆక్సిజన్ అయాన్లు. ఆ మూడు ఇనుములూ ఒకే స్థితిలో లేవు. రెండు అయాన్లు మూడేసి ఎలక్ట్రాన్లను, ఒకటి రెండు ఎలక్ట్రాన్లను పోగొట్టుకొని ఉంటాయి. ఇనుము, మాంగనీసు, కోబాల్టు, నికెలు, క్రోమియం మొదలైన పరివర్తన మూలకాలకు ఒక విశేషముంది. వీటి లోపలి కక్ష్యలలో జతకూడని ఎలక్ట్రాన్లు ఒంటరిగా మిగిలి ఉంటాయి. ఒంటరి ఎలక్ట్రాను ఒక్కొక్కటీ ఒక చిన్న అయస్కాంతం. మూడు పోగొట్టుకొన్న ఇనుములో అటువంటివి ఐదు, రెండు పోగొట్టుకొన్నదానిలో నాలుగు. కనుక లెక్క సులభం. ఐదు, ఐదు, నాలుగు, వెరసి 14. శాస్త్రజ్ఞులు వాడే బోర్ మాగ్నెటాన్ అనే కొలమానంలో మాగ్నెటైట్ బలం 14 ఉండాలి. కొలిచి చూస్తే సుమారు 4 మాత్రమే వస్తున్నది.

మిగిలిన పది ఏమయినట్లు? కొలతలో దోషం లేదు. ఎలక్ట్రాన్ల లెక్కలోనూ దోషం లేదు. చిల్లర తేడా అయితే సర్దుకోవచ్చును గాని, పదునాలుగింట పది లోపిస్తే సర్దుకోవడమెట్లా? పైగా మాగ్నెటైట్ ఒంటరిది కాదు. దానిలోని ఒక ఇనుము స్థానంలో నికెలునో, కోబాల్టునో, మాంగనీసునో ప్రవేశపెట్టి చేసే మిశ్రమ ఆక్సైడులు ఉన్నాయి. వాటిని ఫెర్రైట్లు అంటారు. జపానులో కాతో, తాకేయి అనేవారు 1930 ప్రాంతాల్లోనే వీటిపై కృషి ప్రారంభించారు. హాలెండులోని ఫిలిప్స్ కంపెనీ ప్రయోగశాలలో స్నూక్ ప్రభృతులు వాటిని పరిశ్రమకు పనికివచ్చేట్లు చేశారు. వీటిలో అన్నిటిలోనూ లెక్కకూ కొలతకూ పొత్తు కుదరలేదు.

వీటి స్ఫటిక నిర్మాణం 1915 నుండి తెలిసినదే. ఆక్సిజన్ అయాన్లు గుట్టగా పేర్చిన గుండ్ల వలె కూర్చొని ఉంటాయి. వాటి నడుమ సందులు రెండు రకాలు. నాలుగు ఆక్సిజన్ల మధ్య ఇరుకైన సందు ఒకటి, ఆరింటి మధ్య కొంచెం విశాలమైన సందు మరొకటి. 1947లో ఫిలిప్స్ శాస్త్రజ్ఞులు వెర్వే, హైల్మన్‌లు ఏ లోహపు అయాను ఏ సందులో స్థిరపడుతుందో వివరించారు. మాగ్నెటైట్‌లో మూడు పోగొట్టుకొన్న ఇనుములలో ఒకటి ఇరుకు సందులోకి, రెండవది విశాలమైన సందులోకి పోతాయి. రెండు పోగొట్టుకొన్న ఇనుము కూడ విశాలమైన సందులోనే ఉంటుంది.

1948లో నీల్ ప్రకటించిన మహావ్యాసం ఈ చిక్కు విప్పింది. ఇరుకు సందులలోని అయాన్లు ఒక జట్టు, విశాలమైన సందులలోనివి మరొక జట్టు. నడుమనున్న ఆక్సిజన్ ద్వారా ఈ రెండు జట్లూ ఒకదానికొకటి ఎదురుగా త్రిప్పుకొంటాయి. ఇరుకు జట్టు బలం 5. విశాలమైన జట్టు బలం 5, 4 కలిసి 9. తొమ్మిదిలో ఐదు పోతే నాలుగు. ఇంతే! మన ప్రాథమిక పాఠశాల బాలుడు చేయగల తీసివేత. మాయమైన పది ఎక్కడికీ పోలేదు, ఐదుకు ఐదు ఎదురు నిలిచి రద్దయ్యాయి. జట్లు సమబలంగా ఉంటే తాడు కదలదని ఇంతకు ముందు చెప్పుకొన్నాము. ఇక్కడ జట్లు అసమానం, కనుక తాడు ఒక వైపునకు కదులుతుంది. దీనికి ఫెర్రీ అయస్కాంతత్వమని నీల్ పేరు పెట్టారు. వేలాది సంవత్సరాలుగా మానవుడు వాడుతున్న తొలి అయస్కాంతం ఇనుము వంటి సాధారణ అయస్కాంతం కాదనీ, అది ఈ కొత్త తరగతికి చెందినదనీ అప్పుడు తేలింది.

ఈ సిద్ధాంతం నిగ్గు తేలినది నా దృష్టిలో జింకు విషయంలో. జింకు అయానులో ఒంటరి ఎలక్ట్రాను ఒక్కటీ లేదు. అది అయస్కాంత దృష్ట్యా నిస్సారమైన లోహం. అయినప్పటికీ నికెలు ఫెర్రైటులో కొంత జింకు కలిపితే దాని బలం పెరుగుతుంది! పాలలో నీళ్ళు కలిపితే పాలు చిక్కబడినట్లున్న ఈ వింతకు నీల్ లెక్కలో సమాధానం సిద్ధంగా ఉంది. జింకు ఎప్పుడూ ఇరుకు సందులనే కోరుకొంటుంది. అక్కడ చేరి, అంతకు ముందున్న ఇనుమును విశాలమైన సందులోకి నెడుతుంది. బలహీనమైన జట్టులోని ఆటగాడు బలమైన జట్టులోకి పోయినట్లన్నమాట. తేడా పెరిగింది, బలం పెరిగింది. అయితే జింకు మరీ మితిమీరితే రెండు జట్లనూ బంధించే ఎదురుబలమే సన్నగిల్లి, చివరకు ఏమీ మిగలదు. ప్రయోగాలలోనూ సరిగా ఇట్లే జరుగుతున్నది.

మాగ్నెటైట్‌లో మరొక విశేషమున్నది. విశాలమైన సందులలో రెండు రకాల ఇనుములు పక్కపక్కనే ఉండడం వలన ఎలక్ట్రాను ఒకదాని నుండి మరొకదానికి సులభంగా దూకగలదు. అందుచేత ఈ రాయి విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది. సుమారు మైనస్ 150 డిగ్రీలకు చల్లార్చితే ఆ దూకుడు హఠాత్తుగా ఆగిపోతుందని వెర్వే 1939లో కనుగొన్నారు. అప్పుడు ఎలక్ట్రాన్లు ఏ క్రమంలో కుదురుకొంటాయన్న దానిమీద దశాబ్దాల పాటు వివాదం నడిచి, 2012లో గాని ఆ అమరిక పూర్తిగా వెల్లడి కాలేదు.

ఇక ప్రత్యక్షసాక్ష్యం సంగతి. 1949లో అమెరికాలో షల్, స్మార్ట్ అనే శాస్త్రజ్ఞులు అణురియాక్టరు నుండి వెలువడే న్యూట్రాన్లను మాంగనీసు ఆక్సైడుమీద ప్రసరింపజేశారు. న్యూట్రాను తానే ఒక సూక్ష్మ అయస్కాంతం కనుక పరమాణువులు ఏ ముఖంగా ఉన్నవో పసిగట్టగలదు. చల్లని మాంగనీసు ఆక్సైడులో అయాన్లు ఎదురుబొదురుగా బారులు తీరి ఉన్నాయి. పదమూడేండ్ల నాటి ఊహ కంటికి కనిపించింది. కొద్దికాలానికే మాగ్నెటైట్‌లోని రెండు జట్లు కూడ ఇట్లే దర్శనమిచ్చాయి. షల్‌కు ఈ న్యూట్రాను విద్యకుగాను 1994లో నోబెల్ బహుమతి లభించింది.

మన నేలకు సంబంధించిన ఒక ఘట్టం ఇక్కడ చెప్పుకోవాలి. నీల్ 1949లో అతి సూక్ష్మమైన అయస్కాంత రేణువుల స్వభావాన్ని వివరించారు. రేణువు వేడిగా ఉన్నప్పుడు దాని దిక్కు క్షణక్షణం మారుతుంది. చల్లారితే అదే రేణువు తన దిక్కును కోట్ల సంవత్సరాలు మార్చుకోకుండా నిలుపుకోగలదు. అగ్నిపర్వతం నుండి వెలువడిన లావాలో ఇనుము, టైటానియముల మిశ్రమ ఆక్సైడు రేణువులు ఉంటాయి. లావా చల్లారేటప్పుడు అవి ఆనాటి భూ అయస్కాంత క్షేత్రపు దిక్కును తమలో ముద్రించుకొంటాయి. కుమ్మరి ఆవములో కాలిన కుండకూ, బట్టీలో కాలిన ఇటుకకూ కూడ ఈ జ్ఞాపకశక్తి ఉన్నది. వికారాబాదు, జహీరాబాదు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరాయి, గోదావరి తీరాన కాటేరు, పంగిడి దగ్గర కనిపించే నల్లరాయి సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల నాటి లావా గడ్డకట్టినదే. 1950 దశకంలో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు దక్కను శిలల ముద్రను చదివి, ఆ లావా పొంగినప్పుడు మన దేశం భూమధ్యరేఖకు దక్షిణంగా ఉండేదని తెలుసుకొన్నారు. ఖండాలు కదులుతాయన్న వాదానికి అది గట్టి బలం చేకూర్చింది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడిన పిదప ఈ విద్య ఇక్కడనే సాగింది.

ఇక్కడ నీల్ ఒక చిక్కును కూడ తెచ్చిపెట్టారు. కొన్ని శిలలలోని ముద్ర సరిగా తలక్రిందులుగా ఉంటుంది. భూమి ధ్రువాలే ఒకప్పుడు తారుమారయ్యాయని కొందరు దీనికి అర్థం చెప్పారు. రెండు జట్ల సిద్ధాంతం ప్రకారం శిల తనంతట తానే తలక్రిందులయ్యే అవకాశం కూడ ఉన్నదని నీల్ 1951లో చూపారు. ఆ వెంటనే జపానులో అటువంటి శిల నిజంగానే దొరికింది. ధ్రువాల తారుమారు వాదం కొన్నాళ్ళు సందేహంలో పడింది. అటువంటి శిలలు చాల అరుదని, తారుమారయినవి భూధ్రువాలేనని తరువాతి పరిశోధన తేల్చింది. ఇది నీల్‌కు ఓటమి అని నేననుకోను. ఆయన అడిగిన ప్రశ్న వలననే సాక్ష్యాన్ని గట్టిగా పరీక్షించడం జరిగింది.

గ్రెనోబుల్ చేరినప్పుడు అది శాస్త్రలోకంలో మారుమూల. 1946లో నీల్ అక్కడ ఒక ప్రయోగశాలను స్థాపించారు. ఆయన చేరదీసినవారిలో ఫెలిక్స్ బెర్తో ఒకరు. జర్మనీలో పుట్టిన యూదు, నాజీల బారినుండి తప్పించుకొని ఫ్రాన్సు చేరి, పేరు మార్చుకొని బ్రతికినవాడు. ఆ బెర్తోయే ఫొరా అనే సహచరునితో కలిసి 1956లో యిట్రియము, ఇనుముల గార్నెట్ అనే కొత్త అయస్కాంత ఆక్సైడును వెలికితీశాడు. అందులోనూ నీల్ తీసివేతే పనిచేస్తుంది. ఒక జట్టులో మూడు ఇనుములు, ఎదుటి జట్టులో రెండు, మిగిలినది ఒక ఇనుము బలం. సూక్ష్మతరంగ పరికరాలలో ఆ పదార్థం అమూల్యమైనది. అదే 1956లో గ్రెనోబుల్‌లో అణుపరిశోధన కేంద్రం వెలసింది. నీల్ దానికి సారథ్యం వహించారు. 1967లో ఫ్రాన్సు, జర్మనీ కలిసి లావే-లాంజెవాఁ సంస్థను, అనగా న్యూట్రాన్లతో పరిశోధించే మహాకేంద్రాన్ని ఆ పట్టణంలోనే నెలకొల్పడంలో ఆయన ప్రముఖపాత్ర వహించారు. జర్మను సేనలు తనను స్ట్రాస్‌బర్గ్‌కు దూరం చేసిన 27 సంవత్సరాలకు, జర్మను శాస్త్రజ్ఞుల సరసన కూర్చొని ఆయన ఆ ఒప్పందానికి తోడ్పడ్డారు.

1970లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని స్వీడను దేశీయుడు ఆల్ఫ్వేన్‌తో కలిసి నీల్ అందుకొన్నారు. అప్పటికి ఫెర్రైట్లు ఇంటింటికీ చేరాయి. ట్రాన్సిస్టరు రేడియోలోని నల్లని కడ్డీ, లౌడుస్పీకరు వెనుక అయస్కాంతం, ఆనాటి కంప్యూటర్ల జ్ఞాపకశక్తిలోని చిన్న చిన్న ఉంగరాలు ఈ జాతివే. ఇప్పటి చార్జర్లలోనూ అవి ఉన్నాయి. కాని తన తొలి ప్రేమ అయిన సమబలపు జట్ల పదార్థాలను గురించి బహుమతి సందర్భంలోని ఉపన్యాసంలో ఆయన నిరాడంబరంగా మాట్లాడారు. సిద్ధాంతపరంగా అవి ఆసక్తికరమైనవే గాని వాటికి ఉపయోగమేదీ కానరాదని అభిప్రాయపడ్డారు. తాడు కదలని పోటీతో లోకానికి పనేమి?

పని దొరికింది. కోబాల్టు రేణువుకు కోబాల్టు ఆక్సైడు పొర తొడిగితే, తాను అయస్కాంతంగా కనిపించని ఆ పొర లోపలి కోబాల్టు దిక్కును బిగించి పట్టుకొంటుందని 1956లోనే అమెరికాలో గమనించారు. 1988లో ఫ్రాన్సులో ఆల్బేర్ ఫేర్, జర్మనీలో పేటర్ గ్రూన్‌బెర్గ్ పలుచని అయస్కాంతపు పొరలలో విద్యుత్తు నిరోధం విశేషంగా మారుతుందని కనుగొన్నారు. దాని ఆధారంగా 1997లో కంప్యూటరు హార్డు డిస్కులను చదివే కొత్త పరికరం బజారుకు వచ్చింది. అందులో ఒక పొర దిక్కు చెదరకుండా పట్టి ఉంచే పని సమబలపు జట్ల పదార్థానిదే.

అప్పటికి నీల్ వయస్సు 92. 1976లో పదవీ విరమణ చేసి, 1991లో తన జ్ఞాపకాలను గ్రంథరూపంలో వెలువరించి ఉన్నారు. 2000వ సంవత్సరం నవంబరు 17వ తేదీన, 96 ఏండ్లు నిండడానికి ఐదు రోజుల ముందు, ఫ్రాన్సులోని బ్రీవ్ పట్టణంలో కన్నుమూశారు. గ్రెనోబుల్‌లోని పరిశోధనశాలలను 2007లో ఒక్కటిగా చేర్చి నీల్ సంస్థ అని పేరు పెట్టారు.